ఒకే గుంపులో తెల్ల కళ్లు, నల్ల కళ్లు: రెండు జాతులా?

ప్రశ్న: జంగిల్ బాబ్లర్ పక్షుల గుంపు ఫొటోలో నాలుగింటికి కళ్లు మీగడ రంగులో ఉన్నాయి, రెండింటికి ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. ఆ రెండూ వేరే జాతా? లేక ఆడా మగా తేడానా?

జవాబు: రెండూ కాదు, వయసు తేడా. ఈ జాతిలో పిల్లల కళ్లు ముదురుగా ఉండి, పెద్దయ్యే కొద్దీ తెల్లబడతాయి. ఫొటో పెద్దది చేసి ముక్కు మూల చూడండి. అక్కడ పచ్చగా, కండగా ఉబ్బు కనిపిస్తే అది ఈమధ్యే గూడు వదిలిన పిల్లే.

మరో జవాబు: దీన్ని అన్ని పక్షులకూ సూత్రంగా పెట్టుకోకండి. నల్లమెడ కొంగలో కన్ను ఆడామగా తేడా చెబుతుంది: ఆడదానికి పసుపు, మగదానికి ముదురు గోధుమ. కోయిలలో ఆ తేడా కంటిలో లేదు. మగది నల్లన, ఆడది చుక్కల గోధుమ, కళ్లు మాత్రం రెండింటికీ ఎరుపే.

ఎక్కువమంది పొరబడేది షిక్రా అనే చిన్న డేగ దగ్గర. పెద్ద మగదానికి ఎర్ర కన్ను, పెద్ద ఆడదానికి పసుపు. సరే, పిల్లకూ పసుపే! అందుకని పసుపు కన్ను కనిపించగానే 'ఆడది' అని రాసేయకుండా రొమ్ము చూడాలి. నిలువు చారలుంటే పిల్ల, అడ్డ చారలుంటే పెద్దది.

ప్రశ్న: అసలు ఈ రంగు ఎక్కడిది?

జవాబు: కనుపాప చుట్టూ ఉండే వలయం, అంటే ఐరిస్‌లోది. పావురాన్ని చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. నారింజ కంటికి కారణం ఐరిస్ ముందు పొరలోని టెరిడిన్ అనే పసుపు వర్ణకం, దానికి తోడు రక్తనాళాల ఎరుపు. పసుపు వర్ణకం లేకుండా, అదే పొరలో వెలుగును తిప్పికొట్టే గ్వానిన్ స్ఫటికాలే మిగిలితే తెల్లటి ముత్యపు కన్ను. దీనికి మూలమైన జన్యువు ఎస్‌ఎల్‌సీ2ఏ11బీ అని 2021లో తేలింది. ముందు పొరలో పసుపు వర్ణకం, స్ఫటికాలు రెండూ లేకపోతే వెనక పొరలోని మెలనిన్ అనే ముదురు వర్ణకం బయటపడి కన్ను నల్లగా కనిపిస్తుంది. అంటే అక్కడ నలుపు పైన పూసిన రంగు కాదు, పైన ఏమీ లేకపోవడం.

ప్రశ్న: లుటినో (మెలనిన్ లేక పసుపుగా ఉండే) చిలుకకు కనుపాపే ఎర్రగా ఉంది. జబ్బా?

జవాబు: కాదు. మెలనిన్ లేనందువల్ల లోపలి రక్తనాళాల ఎరుపు అలా కనిపిస్తుంది. కనుపాప మధ్యలో పాలలా తెల్లబడితే మాత్రం శుక్లం కావచ్చు, పశువైద్యుడికి చూపించండి.

మరో జవాబు: ఫొటో చూసి రంగు తేల్చాలంటే ఫ్లాష్ వద్దు, లోపలి నుంచి వెలుగు తిరిగొచ్చి కనుపాప మెరుస్తుంది. తల తిప్పుతుండగా ఐదారు ఫొటోలు తీయండి. ఒక్కదాన్నే నమ్మితే నీడలో పసుపు కూడా గోధుమలా కనిపిస్తుంది. కంటి చుట్టూ ఉన్న చర్మాన్నీ, ఈకల్నీ ఐరిస్ అనుకోవద్దు. వైట్-ఐ పిట్టకు తెల్లగా ఉండేది ఈకల వలయమే, కన్ను కాదు.