ప్రోటీన్ మడత పడుతుందా, ముడుచుకుంటుందా?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థుల కోసం జీవరసాయన శాస్త్రం పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ప్రోటీన్ ఫోల్డింగ్ దగ్గర, అంటే అమైనో ఆమ్లాల గొలుసు తన ఆకారానికి రావడం దగ్గర, ఆగిపోయాను. "మడత పడటం" అంటే ఇస్త్రీ బట్టలు గుర్తొస్తున్నాయి. ఇంతకన్నా మంచి మాట ఉంటే చెప్పండి. ప్రోటీన్లను మాంసకృత్తులు అనాలా వద్దా అన్న గొడవ మాత్రం దయచేసి మళ్లీ ఎత్తొద్దు.

జవాబు: నా ఓటు "ముడుచుకోవడం"కే అండీ. దుప్పటిని మనం మడుస్తాం, అత్తిపత్తి ఆకు తనే ముడుచుకుంటుంది. ఆ "కోవడం"లోనే ఉంది కిటుకంతా. అమెరికా శాస్త్రవేత్త క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ చూపించిందీ అదే. రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్ 124 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో సిస్టీన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు 8, జతలు కట్టి 4 గంధకపు బంధాలుగా ఉంటాయి. యూరియాతో పాటు ఆ బంధాల్ని తెంచే రసాయనం కూడా కలిపితే గొలుసు విచ్చుకుపోయింది, ఎంజైమ్ పని ఆగిపోయింది. రెండింటినీ తీసేస్తే మళ్లీ పాత ఆకారానికే వచ్చి పని మొదలుపెట్టింది. 8 సిస్టీన్లు జత కట్టడానికి 105 రకాలుగా వీలుంది. వాటిలో అసలైన ఒక్కదాన్నీ ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది! యూరియాలో ఉండగానే బంధాలు కట్టనిస్తే మాత్రం అంతా కలగాపులగమై, పని నూటికి ఒక వంతు దగ్గరే ఉండిపోయింది. ఎలా ముడుచుకోవాలన్నది అమైనో ఆమ్లాల వరసలోనే ఉందన్నమాట. ఈ పనికే 1972లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్‌లో వాటా దక్కింది.

ఇంకొకరు: అది పరీక్షనాళికలో మాట. కణం లోపల షాపరోన్లు, అంటే వేరే ప్రోటీన్లు ముడుచుకోవడానికి తోడ్పడే ప్రోటీన్లు, ఉంటాయి కదండీ. బాక్టీరియాలో గ్రోఈఎల్ అనే షాపరోన్ అయితే కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చుపెట్టి మరీ సాయం చేస్తుంది. మడిచేవాళ్లు ఉన్నట్టే కదా?

మొదట జవాబిచ్చినవారు: సాయం చేస్తుంది, కాదనను. కానీ ఏ ఆకారంలోకి రావాలో షాపరోన్ చెప్పదు. కణం లోపల కిక్కిరిసి ఉంటుంది. సగం ముడుచుకున్న గొలుసు పక్కదానికి అతుక్కుపోకుండా గ్రోఈఎల్ దాన్ని తన బోలులో కాసేపు దాచి ఉంచుతుంది, అంతే. నీళ్లంటే పడని భాగాలు లోపలికి, నీళ్లతో కలిసేవి బయటికి సర్దుకోవడం గొలుసు పనే. "సర్దుకోవడం" కూడా ఇక్కడ బాగా పనికొచ్చే మాట.

మరొకరు: ఒక్క మాటతో అన్నిటినీ సరిపెట్టకండి. గొలుసులో ఆల్ఫా హెలిక్స్ అనే భాగం ముడుచుకోదు, మెలి తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు 3.6 అమైనో ఆమ్లాలు. రేకులా పరుచుకునే బీటా షీట్‌కి మనకు చక్కటి మాట ఉండనే ఉంది: కుచ్చిళ్లు. ఆ రేకు నిజంగానే చీర కుచ్చిళ్లలా పైకీ కిందికీ విరుగుతుంది. రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం 1951లో ఈ రెండు రూపాలనూ ప్రతిపాదించింది. మెలికలూ కుచ్చిళ్లూ కలిసి మొత్తం గొలుసు ఒక రూపానికి రావడానికి మాత్రం "ముడుచుకోవడం" ఉంచండి. హిమోగ్లోబిన్‌లా నాలుగు గొలుసులు ఒకటైతే "కూడుకోవడం" అనొచ్చు.

అడిగినవారు: బాగుంది. మరి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు గురించి రాసేటప్పుడు "హిమోగ్లోబిన్ తప్పుగా ముడుచుకుంది" అనొచ్చా?

మొదట జవాబిచ్చినవారు: అనకూడదండీ. బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ వచ్చింది, నిజమే. కానీ గొలుసు దాదాపు మామూలుగానే ముడుచుకుంటుంది, ఆక్సిజన్నీ మోస్తుంది. తేడా అంతా దాని ఉపరితలం మీదే. నీళ్లంటే పడని వేలిన్ బయటికి కనబడుతూ ఉంటుంది కాబట్టి, ఆక్సిజన్ వదిలేశాక ఒక హిమోగ్లోబిన్ ఇంకోదానికి అతుక్కుంటుంది. అవి పొడవాటి పోగులై ఎర్ర రక్తకణాన్ని కొడవలి ఆకారానికి లాగేస్తాయి. ఇక్కడ మీకు కావలసిన క్రియ "అతుక్కోవడం".

అడిగినవారు: చివరిగా ఒకటి. గుడ్డు ఉడికినప్పుడు జరిగేదాన్ని "విడిపోవడం" అని రాశాను. సరేనా?

మరొకరు: అలా రాస్తే గొలుసు తెగిందనుకుంటారు పిల్లలు. అమైనో ఆమ్లాల మధ్య పెప్టైడ్ బంధాలు ఆ వేడికి చెక్కుచెదరవు. గొలుసులు విచ్చుకుని ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి, అందుకే తెల్లసొన గట్టిపడుతుంది. "విచ్చుకుని చిక్కుపడటం" అని రెండు మాటల్లోనే రాసేయండి.