20 అడుగుల హాలుకు చెక్క ఫ్రేము: కింగ్ పోస్టా, సిజరా, నిట్రాడా?

కనకపుర_సైట్ (ప్రశ్న)

బెంగళూరు కనకపుర రోడ్డులో 40×60 సైటు, గ్రౌండ్ ఫ్లోరు మాత్రమే. హాలు 20×30 అడుగులు. 30 డిగ్రీల వాలు, పైన మంగుళూరు పెంకు. ఇటుక గోడలు నింపుడుకే, బరువంతా చెక్క స్తంభాల మీదే. తలెత్తి చూస్తే అడ్డదూలాలు కనబడకూడదని ఇంట్లో పట్టు. ఆర్కిటెక్టు కింగ్ పోస్ట్ (నడుమ నిలువు కర్ర ఉన్న ముక్కోణపు చట్రం), సిజర్ (కత్తెరలా దాటే కర్రలది), హ్యామర్ బీమ్ (గోడల నుంచి పొట్టి దూలాలు ముందుకు వచ్చేది) అని మూడు డ్రాయింగులు ఇచ్చారు. మేస్త్రీ మాత్రం "టై ఎందుకు సార్, పైన ఒక కాలర్ కొడదాం" అంటున్నాడు (టై అంటే వాసాల కింది కాళ్లను కలిపే అడ్డదూలం, కాలర్ అంటే వాసాలను పైన కలిపే అడ్డకర్ర). ఏది మంచిది? మద్ది వాడాలా, టేకా?

దూలం_లెక్క

ముందు మేస్త్రీ గారి కాలర్ సంగతి తేల్చుకోండి, ఇళ్లు విచ్చుకునేది అక్కడే. పెంకు, రీపర్లు కలిపి చదరపు మీటరుకు దాదాపు 65 కిలోలు. దానికి చెక్క బరువు, కప్పెక్కే మనుషుల లెక్క కలిపితే నేల మీద కొలిచిన చదరపు మీటరుకు 140 కిలోల దాకా వస్తుంది. పది అడుగులకో ట్రస్సు (కప్పును మోసే ముక్కోణపు చట్రం) పెడితే ఒక్కోదాని మీద రెండున్నర టన్నులు. ఈ బరువు వాసాల కాళ్లను బయటికి తోస్తుంది. ఆ తోపు ఒక్కో వైపు సుమారు 1.1 టన్నులు. కింద టై ఉంటే ఆ లాగుడంతా అదే పట్టుకుంటుంది. కాలర్‌ని సగం ఎత్తుకు లేపితే దాని మీద లాగుడు రెట్టింపై 2.2 టన్నులవుతుంది, పైగా వాసాలు కాలర్ దగ్గర వంగుతాయి. రెండు మేకులు ఆపే బలం కాదది. గోడ పైన పగులు, కిటికీ ఫ్రేము బిగుసుకుపోవడం ఇక్కణ్నుంచే మొదలవుతాయి.

హ్యామర్ బీమ్ మర్చిపోండి. లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ హాలులో 14వ శతాబ్దం చివర దాదాపు 68 అడుగుల వెడల్పుకు వేశారంటే, తోపు ఆపడానికి మందపాటి రాతి గోడలూ బయట ఆనింపులూ ఉన్నాయి. మీ ఇటుక నింపుడుకు ఆ శక్తి లేదు.

సిజర్ పనిచేస్తుంది కానీ, రెండు చెక్కలు కత్తెరలా దాటే చోట సగం సగం చెక్కితే బలం అక్కడే పోతుంది. లోపల స్టీలు ప్లేటు, బోల్టులు తప్పవు.

20 అడుగులకు కింగ్ పోస్టే సులువు: టై 6×8, ప్రధాన వాసాలు 5×7, కింగ్ పోస్టు 6×8, స్ట్రట్లు (ఏటవాలు ఊతకర్రలు) 4×6 అంగుళాలు. చూరు కలిపి ఒక్కో ట్రస్సుకు 17 ఘనపుటడుగులు, వృథాతో 20 అనుకోండి. ఇవి అంచనా కొలతలే. ఐఎస్ 883 (చెక్క కట్టడాల భారతీయ ప్రమాణం) ప్రకారం మీ ఇంజినీరు సరిచూడాలి.

చాలామంది మేస్త్రీలు కింగ్ పోస్టును టై మీద నిలబెట్టిన స్తంభం అనుకుంటారు. నిజానికి అది పైనుంచి వేలాడుతూ టైని ఎత్తి పట్టుకుంటుంది. అందుకే అడుగున ఇనుప పట్టీ ఉండాలి. లేకపోతే టై మధ్యలో కిందికి వంగుతుంది. ఇంకోటి, వాసం కాలు టైలో దిగే గంటు తర్వాత టై కొస కనీసం ఒక అడుగు మిగలాలి. చూరు అందం కోసం దాన్ని కోస్తే ఆ ముక్క నారవెంట చీలి ఊడివస్తుంది.

చేవ_కర్ర

అడ్డదూలం వద్దంటున్నారు కదా, మన పాత ఇళ్ల నిట్రాడు పద్ధతి ఎవరూ చెప్పలేదేం? వెన్నుదూలం (కప్పు కొన వెంబడి ఉండే దూలం) నిట్రాళ్ల మీద, అంటే కొన దాకా లేచే నిలువు స్తంభాల మీద కూర్చుంటే, వాసాలు దాని మీంచి దిగుతాయి కాబట్టి గోడల మీద తోపు ఉండదు. మీ హాలుకు రెండు చివర్లా, మధ్యలో ఒకటి చాలు. 15 అడుగుల దూరానికి వెన్ను 6×12 అంగుళాలు, రెండడుగులకో 3×6 వాసం. పైన అంతా ఖాళీ. మధ్య నిట్రాడును వంటింటి అరగోడలో కలిపేయండి.

ఒక షరతు: వెన్నుదూలం కిందికి వంగితే తోపు మళ్లీ మొదలవుతుంది. కాబట్టి సన్నం చేయొద్దు, అతుకు వస్తే నిట్రాడు తల మీదే రావాలి.

కర్ర విషయానికొస్తే టేకు ఎండినప్పుడు తక్కువ కుదించుకుంటుంది. మద్ది గట్టిదే, ఎండేటప్పుడు పగులుతుంది, తొందరపడి కోయించకండి. పేరు కన్నా చేవ (కర్ర నడిమి గట్టి భాగం) ముఖ్యం. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్క ఉన్న చోటే పురుగు పడుతుంది. అడితిలో "మలేషియా సాల్" అంటూ అమ్మేది ఏ చెట్టో తెలియకపోతే మల్లేశ్వరంలోని వుడ్ సైన్స్ సంస్థలో ముక్క చూపించండి. తేమ మీటరుతో పైపైన కాదు, అప్పుడే కోసిన మొహం మీద చూడాలి, 15 శాతం లోపు ఉండాలి. చెక్క సీల దూలం కన్నా ఎండినదై ఉండాలి. పచ్చి సీల తర్వాత కుదించుకుని వదులవుతుంది.

స్తంభం కాలు కాంక్రీటులో పాతిపెట్టొద్దు. కోత మొహం నీళ్లు పీలుస్తుంది. నేల కన్నా తొమ్మిది అంగుళాలైనా ఎత్తున్న గ్రానైటు దిమ్మ మీద, మధ్యలో స్టెయిన్‌లెస్ రాడ్డుతో నిలబెట్టండి. చెదలకు ఐఎస్ 6313 ప్రకారం పునాదప్పుడే మందు కొట్టించాలి.

ఈసీఆర్_గాలి

ఇది చదివి చెన్నైలో ఇదే కొలతలు దించేసేవాళ్ల కోసం: ఐఎస్ 875 (కట్టడాల మీది బరువుల ప్రమాణం)లో లెక్కకు తీసుకునే గాలి వేగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, చెన్నైకి 50. ఒత్తిడి 0.6 ఇంటూ వేగం వర్గం. అంటే బెంగళూరులో చదరపు మీటరుకు 66 కిలోలు, మా చెన్నైలో 153. ఇంటి ఆకారపు గుణకాలు వేయకముందు లెక్క ఇది. పెంకు బరువు 65 కిలోలే కాబట్టి ఇక్కడ కప్పు కూలడం కన్నా లేవడమే భయం. 2016 డిసెంబరులో వర్దా తుఫాను వచ్చిన ఊరు ఇది. వాసం నుంచి వెన్నుకు, స్తంభం నుంచి పునాదికి తెగకుండా పట్టీలు, రాడ్లు ఉండాలి. కోత మొహంలో కొట్టిన మేకు ఊడి వచ్చేస్తుంది. చూరు వరస, వెన్ను వరస పెంకులకు తీగ కట్టాలి. సముద్రం దగ్గరైతే 316 గ్రేడు స్టెయిన్‌లెస్.

కనకపుర_సైట్

నిట్రాడు నచ్చింది. మధ్యది వంటింటి అరగోడలోకి వస్తోంది. అయితే ఇల్లు పొడుగు దిశలో ఊగకుండా ఏం పెట్టాలి?

దూలం_లెక్క

స్తంభానికీ పైదూలానికీ మధ్య 45 డిగ్రీల మూలకర్రలు, ఒక్కో కాలు మూడడుగులు, 4×6 అంగుళాలు చాలు. తలుపు తగులుతుందని ఒక వైపు తీసేస్తే, తీసిన ప్రతి దానికీ వేరే బేలో (రెండు స్తంభాల మధ్య ఖాళీలో) ఒకటి పెట్టాలి. మధ్య నిట్రాడుకు మాత్రం వెన్ను వెంబడి రెండు వైపులా పెట్టండి.