బతుకమ్మ పేర్చిన అక్కకి ఎత్నిక్ డే ఉండదా?

గునుగుపువ్వు:
మా ఆఫీసు హైటెక్ సిటీ వైపు. ఏటా దసరా సెలవులకి ముందు ఎత్నిక్ డే పెడతారు. అందరూ పట్టుచీరలు, లంగావోణీలు, పంచెలు కట్టుకొచ్చి ఫొటోలు దిగుతారు, సాయంత్రం లాబీలో బతుకమ్మ ఆడతారు. ఆ రోజంటే నాకు చాలా ఇష్టం. వారం ముందు నుంచే ఏ చీర, ఏ జాకెట్ అని మా టీమ్ గ్రూపులో అదే గోల. నేను అడిగేది వేరే. ఆ ఒక్క రోజు హౌస్‌కీపింగ్, ప్యాంట్రీ వాళ్ళు కూడా మనలాగే తయారై రావచ్చా, రాకూడదా? రావాలి అంటాను నేను. మా ఫ్లోర్‌లో చాలామంది ఒప్పుకోవడం లేదు.

పోయినసారి ఈవెంట్ వాళ్ళు థర్మోకోల్ మీద బంతిపూలు గుచ్చి బతుకమ్మ అని తెచ్చిపెట్టారు. మా ఫ్లోర్ హౌస్‌కీపింగ్ అక్కది జనగామ వైపు. అది చూసి ఉండబట్టలేక "గునుగు లేదు, తంగేడు లేదు, ఇదేం బతుకమ్మ అమ్మా" అంది. మర్నాడు పొద్దున తనే బస్తీ నుంచి మూట కట్టుకొచ్చింది. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, రంగు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గునుగు కట్టల కాడలు సమానంగా కోసి, గుండ్రంగా వరస మీద వరస పేరుస్తూ, మధ్యలో గుల్లగా ఉన్న చోట కోసిన కాడలూ ఆకులూ కూరుతూ పోయింది. పైన గుమ్మడిపువ్వు, అందులో పసుపు గౌరమ్మ. మేమంతా చుట్టూ నిలబడి చూశాం. ఆవిడ మాత్రం చీర మీద ఆ బూడిదరంగు యూనిఫాం చొక్కాతోనే ఉంది. ఆట మొదలవగానే సూపర్‌వైజర్ వచ్చి పక్కకి జరగమన్నాడు. గ్రూప్ ఫొటోలో ఆవిడ లేదు. కింద రాలిన పూలు ఊడ్చింది మాత్రం ఆవిడే. ఇది నాకు అస్సలు నచ్చలేదు.

ఫ్లోర్_నాలుగు:
మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. రోజంతా స్క్రీన్ ముందు కూర్చుని, పక్క టీమ్‌లో ఎవరున్నారో కూడా తెలియకుండా పనిచేసేవాళ్ళు ఒక్కపూట కలుస్తారని పెట్టే రోజు అది. ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. వాటిల్లో కూడా ఇది తప్పు, అది తప్పు అని మొదలుపెడితే అడ్మిన్ వాళ్ళకి తేలిక దారి ఒకటే, మొత్తం ఎత్తేస్తారు. నేను ఇంతకుముందు చేసిన చోట వంటల పోటీ మీద ఏదో గొడవైంది, మరుసటి ఏడాది నుంచి పండుగలూ లేవు, పుట్టినరోజు కేకూ లేదు. ఇంకో మాట. ఆ అక్కని అడిగారా అసలు? మనం జాలిపడి చెయ్యి పట్టుకుని మధ్యలో నిలబెడితే ఆవిడకే ఇబ్బంది.

గునుగుపువ్వు:
అడిగాను. "మా ఊళ్ళో అయితే పాట నేనే ఎత్తుకుంటా, వీళ్ళు ఫోన్‌లో పెట్టుకుని ఆడుతున్నరు" అంది. జాలి సంగతి ఇక్కడ లేదు, ఆ గుంపులో అందరికంటే బాగా వచ్చిన మనిషి ఆవిడే.

అడ్మిన్_పక్షం:
నేను ఫెసిలిటీస్‌లో చేస్తాను కాబట్టి ఇటువైపు నుంచి చెప్తాను, కోప్పడకండి. హౌస్‌కీపింగ్ వాళ్ళు మా ఉద్యోగులు కారు, వెండర్ మనుషులు, అంటే కాంట్రాక్ట్ కంపెనీ పంపేవాళ్ళు. యూనిఫాం వెండర్‌తో రాసుకున్న ఒప్పందంలోనే ఉంటుంది. వందలమంది బయటి దుస్తుల్లో తిరిగే రోజున ఎవరు లోపలి మనిషో, ఎవరు కాదో సెక్యూరిటీకి తెలియాలి. ఇంకోటి చాలామందికి తెలియదు. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్ట్ కార్మికులు వాళ్ళంతట వాళ్ళే పర్మనెంట్ అయిపోరు అంది. అదే తీర్పులో, కాంట్రాక్ట్ అనేది పేరుకే ఉందని తేలితే మాత్రం వాళ్ళు అసలు కంపెనీ ఉద్యోగులే అవుతారని కూడా ఉంది. అందుకే లీగల్ వాళ్ళు మా ఉద్యోగులకీ వాళ్ళకీ మధ్య గీత చెరగనివ్వరు. ఐడీ కార్డు తాడు రంగు వేరు, భోజనం టేబుళ్ళు వేరు, ఈవెంట్లకి పిలుపు ఉండదు. నాకు ఇష్టమై చెప్తున్నది కాదు, ఉన్నది చెప్తున్నా.

గునుగుపువ్వు:
మీరు నిజాయితీగా చెప్పారు, థాంక్స్. కానీ కోర్టు చూసేది ఎవరు పనిలో పెట్టుకున్నారు, జీతం ఎవరిస్తున్నారు, ఎవరి అదుపులో పనిచేస్తున్నారు అనే కదా. ఒకపూట చీర కట్టుకుని గౌరమ్మ చుట్టూ తిరిగితే ఇవేవీ మారవు. ఇక గుర్తుపట్టడం అంటారా, మెళ్ళో ఐడీ కార్డు ఉంటుంది, మన అందరికీ ఉన్నట్టే. మా మేనేజర్ పంచె కట్టుకొస్తే సెక్యూరిటీ ఆపలేదు. అంతకంటే నాకు అర్థం కానిది, ఆవిడ పూలు పేరుస్తున్నప్పుడు ఆ గీత ఎవరికీ గుర్తు రాలేదు, ఫొటో దగ్గరే వచ్చింది.

ఉప్పల్_నుంచి_రాయదుర్గం:
ఇందులో ఇంకో నష్టం కూడా ఉంది. మా దగ్గర ఒక ఏడాది సరిగ్గా బతుకమ్మ ఆరో రోజున పెట్టారు. అది అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు, ఆడరు. ఆ రోజు ఎవరికీ క్లయింట్ కాల్స్ లేవని తేదీ పెట్టేశారు, కమిటీలో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు. ప్యాంట్రీలో పనిచేసే ఆమెకి తెలుసు, "ఇయ్యాల ఆడరు కదా సార్" అని నాతో మెల్లగా అంది. కమిటీ వాళ్ళకే చెప్పొచ్చు కదా అంటే, అడగనిది చెప్తే ఏమనుకుంటారో అని ఊరుకుందట. బతుకమ్మని 2014లో రాష్ట్ర పండుగ చేసుకున్నాం, ఆ పండుగ తెలిసినవాళ్ళు టీ కప్పులు కడుగుతూ లోపల ఉంటే తెలియనివాళ్ళం బయట కమిటీలు వేసుకుంటున్నాం. వాళ్ళని పిలవడం వాళ్ళకి మేలు చేయడం అని ఎందుకనుకోవాలి, అవసరం మనది.

భీమవరం_అమ్మాయి:
నిజం. మాది గోదావరి వైపు, ఈ ఊరొచ్చాకే బతుకమ్మ చూశాను. చప్పట్లు కొడుతూ వంగి లేవడం, అడుగు ఎటు వెయ్యాలో అన్నీ నేర్పింది మా ప్యాంట్రీ ఆంటీ, లిఫ్ట్ దగ్గర.

ఫ్లోర్_నాలుగు:
సరే, ఇంకో సమస్య చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. ఆ రోజు అందరూ కంచి, ధర్మవరం కట్టుకొస్తారు. వాళ్ళ దగ్గర అంత ఖరీదైనవి ఉండకపోవచ్చు. పక్కపక్కన నిలబడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, చిన్నబుచ్చుకుంటారు. లేదంటే మనకోసం అప్పు చేసి కొనుక్కుంటారు. యూనిఫాంలో ఆ ఇబ్బంది లేదు.

సిరిసిల్ల_పిల్లోడు:
ఎత్నిక్ డే అంటే పట్టు అని ఎక్కడ రాసుంది అన్నా? మా ఊరి మరమగ్గాల మీద 2017 నుంచి బతుకమ్మ చీరలు నేశారు, ప్రభుత్వం ఊరూరా పంచింది. మా అమ్మ ఆ చీర కట్టుకునే ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు ఆడింది, ఆమెకి చిన్నతనం అనిపించలేదు. ఖరీదు లెక్కన అయితే మన ఫ్లోర్‌లో కూడా సగంమందిని పక్కన పెట్టాలి. పోచంపల్లి అని కట్టుకొచ్చేవాటిల్లో ప్రింటు చీరలు బోలెడు ఉంటాయి. ఒకసారి కొంగు తిప్పి చూడండి. ఇక్కత్‌లో నెయ్యకముందే నూలుకి ముడులు కట్టి రంగు వేస్తారు, కాబట్టి పూవు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. ప్రింటు అయితే వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. ఎవరు ఏది కట్టుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు, ఉండకూడదు కూడా. ఆ పెద్దమనసు యూనిఫాం చొక్కా వేసుకున్న అక్కల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోవాలి?

కొండాపూర్_రూమ్:
మా చిన్నమ్మ ఇలాంటి ఆఫీసులోనే హౌస్‌కీపింగ్‌లో చేస్తుంది, బోరబండలో ఉంటారు. ఈ చర్చ మొత్తం ఆమెకి చదివి వినిపించాను. చీర కట్టుకోనిస్తే సంతోషమే అంది. కానీ అసలు బాధ అది కాదట. ఎత్నిక్ డే అంటే వాళ్ళకి టెన్షన్. పొద్దున మామూలు పని, మధ్యాహ్నం నుంచి కుర్చీలు జరపడం, రిబ్బన్లు కట్టడం, మనం వెళ్ళిపోయాక పూలు, మెరుపు కాగితాలు, కార్పెట్‌కి అంటుకున్న పసుపు కుంకుమ. షిఫ్ట్ అయిపోయాక కూడా ఇంటికి పంపకుండా ఆపేస్తారు, అదనంగా చేసిన గంటలకి డబ్బులు రావు. మనకి క్యాబ్ ఉంటుంది. ఆమెకి ఉన్నది ఆర్టీసీ బస్సు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేవు, అది మేలే, కానీ చీకటిపడ్డాక ఆ బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంటికెళ్ళి తన బతుకమ్మ పేర్చుకునే ఓపిక ఉండదు. ఆమె మాట ఆమె మాటల్లోనే పెడుతున్నా: "చీర తర్వాత, ముందు మా టైముకి మమ్మల్ని పంపమను."

అడ్మిన్_పక్షం:
ఇది న్యాయమైన మాట. అదనపు గంటలకి వేతనం ఇవ్వాల్సిందే, అది దయ కాదు, చట్టం. వెండర్ బిల్లులో ఆ గంటలు చూపించమని నేను అడగగలను, అడుగుతాను. యూనిఫాం విషయంలో మాత్రం నా ఒక్కడి చేతిలో లేదు. సెక్యూరిటీ వాళ్ళకి అయితే కుదరనే కుదరదు, డ్యూటీలో యూనిఫాం ఉండాల్సిందే.

గునుగుపువ్వు:
సెక్యూరిటీ వాళ్ళ సంగతి ఒప్పుకుంటున్నా. వాళ్ళలో డ్యూటీ లేనివాళ్ళని ఆటకి రమ్మని పిలవొచ్చు, అది వేరే.

కొండాపూర్_రూమ్ గారు చెప్పినది చదివాక నేను అడగాల్సిన వరస మారింది. ఈసారి కమిటీకి రాస్తున్నది ఇదీ. ఎత్నిక్ డే ఆట సాయంత్రం కాకుండా పొద్దున పదకొండుకి పెట్టాలి, అప్పుడు ఊడ్చే పని షిఫ్ట్‌లోపే అయిపోతుంది. కార్పెట్ ఉన్న లాబీలో కాకుండా కింద పార్కింగ్ పక్కన ఖాళీ జాగాలో ఆడాలి. ఒక్కో టీమ్ నుంచి కొందరం ఉండి ఆట అయ్యాక శుభ్రం చెయ్యడంలో చెయ్యి వెయ్యాలి, మా టీమ్ పేర్లు నేను ఇప్పటికే తీసుకున్నా. ఆట జరిగే రెండు గంటలు హౌస్‌కీపింగ్ వాళ్ళు డ్యూటీలో ఉన్నట్టే లెక్క, జీతంలో కోత పడకూడదు, వచ్చి ఆడాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. యూనిఫాం చొక్కా ఆ కాసేపు తీసేయొచ్చని వెండర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి, లేకపోతే తర్వాత సూపర్‌వైజర్ వాళ్ళ మీద పడతాడు.

ఫ్లోర్_నాలుగు:
పొద్దున పదకొండు అంటే మా క్లయింట్ కాల్స్ ఉంటాయి, అది ఆలోచించండి. మిగతా వాటికి నాకు అభ్యంతరం లేదు. శుభ్రం చెయ్యడానికి నా పేరు కూడా రాసుకోండి. కానీ ఎవరినీ మొహమాటపెట్టి ఆడించకూడదు, అది మెయిల్‌లో స్పష్టంగా ఉండాలి.

గునుగుపువ్వు:
రాస్తాను. కాల్స్ ఉన్నవాళ్ళు కాల్ అయ్యాక వస్తారు, అదేమీ తలుపులు వేసి ఆడే ఆట కాదు కదా. ఇంకొకటి, పేర్చే పని ఆ అక్కకి అప్పగిస్తే అది కూడా పనే. పూల ఖర్చు, ఆ పొద్దుటి గంటలు లెక్కకట్టి ఈవెంట్ వాళ్ళకి ఇచ్చే డబ్బులోంచే ఇవ్వమని అడుగుతున్నా. థర్మోకోల్ దానికి బిల్లు కట్టారు, దీనికి కూడా కట్టాలి.