వెబ్ పేజీలకు ఉచిత విజువల్ ఎడిటర్ ఏది మేలు?

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయానికి నాలుగైదు పేజీల తెలుగు వెబ్‌సైటు తయారు చేయదలచాను. కోడ్ రాయడం అంతగా రాదు కనుక, తెరపై చూస్తూనే పేజీని దిద్దుకోగల ఉచిత ఎడిటర్‌ను సూచించగలరా? కొంపోజర్ బాగుంటుందని ఒక మిత్రుడు చెప్పారు.

జవాబు 1: కొంపోజర్‌ను నేనూ కొన్నాళ్లు ఇష్టంగా వాడాను, నేర్చుకోవడం చాలా సులువు. అయితే ఎన్‌వ్యూ అనే మరో ఎడిటర్ ఆధారంగా తయారైన ఆ ఎడిటర్ అభివృద్ధి 2010 ప్రాంతంలోనే నిలిచిపోయింది కనుక, 2014లో ప్రామాణికంగా ఆమోదం పొందిన, వెబ్ పేజీలు రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్ 5కు అది సరిపడదు. ఫోన్ తెరకు తగ్గట్టు పేజీ సర్దుకునేలా చేయడంలోనూ తోడ్పడదు. కొత్తగా మొదలుపెట్టేవారికి దాన్ని సూచించలేను.

జవాబు 2: సీమంకీ అనే బ్రౌజర్ సాఫ్ట్‌వేర్‌లోని కంపోజర్ కూడా ఆ కుటుంబానిదే, చిన్న దిద్దుబాట్లకు చాలు. మీ అవసరానికి పబ్లీ తగినదని నా అభిప్రాయం. ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లోనే నడుస్తూ, మీరు ఎంచుకున్న థీమ్ ప్రకారం పేజీలను సిద్ధం చేసి సర్వర్‌కు పంపుతుంది. అవి మామూలు ఫైళ్లే కనుక సర్వర్‌లో డేటాబేస్ అక్కరలేదు.

జవాబు 3: పాత ఎడిటర్ వాడేటట్లయితే, ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో భద్రపరిచే పద్ధతి) యూటీఎఫ్-8గా ఉన్నదో లేదో ముందే చూసుకోండి. లేకపోతే తెలుగు అక్షరాలు చెదిరిపోతాయి.