పాత జీపీజీ కీ రివోక్ చేశాను, అయినా రాత్రి బ్యాకప్ దానికే లాక్ అవుతోంది

ఏడు రోడ్ల కుర్రోడు, కడప:

అందరికీ నమస్కారం. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో అకౌంట్లు, కంప్యూటర్లు రెండూ నేనే చూస్తాను. రెండు వారాల కిందట కర్నూలు నుంచి వస్తూ మైదుకూరులో టీకి దిగాను. మళ్లీ బస్సెక్కేసరికి సీటు మీద బ్యాగు లేదు. ల్యాప్‌టాప్, ఛార్జర్, అక్క కట్టిచ్చిన ఓళిగలు అన్నీ పోయాయి. స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చాను. మిషన్ పోయిందన్న బాధ కంటే అందులోని జీపీజీ (ఫైళ్లకు, మెయిళ్లకు తాళం వేసే ప్రోగ్రామ్) సీక్రెట్ కీ, అంటే ఆ తాళాలు తీసే కీ, ఎవడి చేతిలో పడిందో అన్న టెన్షనే ఎక్కువ. పాస్‌ఫ్రేజ్ ఉంది, కానీ 2015లో నేను పెట్టిన పాస్‌ఫ్రేజ్ ఎంత గట్టిదో నాకు తెలుసు.

ఒక మంచి పని మాత్రం అప్పుడే చేశాను. ఉబుంటు 14.04 మీద కీ తయారు చేసిన రోజే రివోకేషన్ సర్టిఫికెట్ (ఈ కీ ఇక చెల్లదని చెప్పే చిన్న ఫైల్) తీసి, ప్రింట్ కొట్టి, రేషన్ కార్డు కవర్లో పెట్టాను. ఇప్పుడు ఆ కాగితం చూసి చేత్తో టైప్ చేశాను. ఉన్నది ఏడెనిమిది వరుసలే, మూడుసార్లు సీఆర్‌సీ ఎర్రర్ (ఎక్కడో అక్షరం తప్పిందని) వచ్చింది. సున్నానా ఓనా, ఒకటా ఎల్లా, కళ్లు పోయాయి. నాలుగోసారి మా చెల్లెలు ఒక్కో అక్షరం చదువుతుంటే నేను కొట్టాను. ఐ అనుకున్నది ఎల్ అని అప్పుడు తేలింది.

ఇంపోర్ట్ చేస్తే 'పబ్లిక్ కీ లేదు, సర్టిఫికెట్ అప్లై చేయలేను' అంది. నిజమే, కొత్త ల్యాప్‌టాప్‌లో ఏముంటుంది? ఆఫీసు మిషన్ నుంచి పబ్లిక్ కీ (తాళం వేయడానికి అందరికీ ఇచ్చే కీ) తెచ్చి ముందు దాన్ని ఎక్కించాక సర్టిఫికెట్ దిగింది. లిస్ట్‌లో పక్కనే 'రివోక్డ్' అని తేదీతో సహా వచ్చింది. పబ్లిక్ కీలు అందరికీ అందించే కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఆర్గ్ సర్వర్‌కు పంపాను. ఆఫీసు మిషన్‌లోనూ అదే ఇంపోర్ట్ చేశాను.

ఇప్పుడు అసలు గోల. రాత్రి పదకొండింటికి బిల్లుల ఫోల్డర్‌ను నా కీతో ఎన్‌క్రిప్ట్ చేసే స్క్రిప్ట్ ఒకటి ఆఫీసులో నడుస్తుంది. రెండు రాత్రులు చూశాను, పాత కీకే లాక్ చేసి ఫైల్ పెట్టేస్తోంది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. బెంగళూరు కస్టమర్ నిన్న కూడా పర్చేజ్ ఆర్డర్ పాత కీతోనే పంపారు. మా ఆడిటర్ గారి థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్‌లో కూడా నా కీ బ్రహ్మాండంగా ఉన్నట్టే చూపిస్తోందట. మరి నేను రివోక్ చేసినట్టా, చేయనట్టా?

వెర్షన్లు: నా కొత్త ల్యాప్‌టాప్ ఉబుంటు 22.04, జీపీజీ 2.2.27. ఆఫీసు మిషన్ ఉబుంటు 16.04. కస్టమర్ సర్వర్ సెంట్‌ఓఎస్ 7 అని వాళ్ల ఐటీ అబ్బాయి చెప్పాడు. కొత్త కీ ఈడీ25519 రకంలో చేశాను.

తుంగభద్ర గట్టు, కర్నూలు:

ఆఫీసు మిషన్‌లో ఇంపోర్ట్ ఏ కమాండ్‌తో చేశావు తమ్ముడూ? జీపీజీనా, జీపీజీ2నా? స్క్రిప్ట్‌లో ఏముంది?

ఏడు రోడ్ల కుర్రోడు:

జీపీజీ2తో చేశానన్నా. స్క్రిప్ట్ ఇప్పుడే తెరిచి చూశాను, అందులో ఉత్త జీపీజీ ఉంది. రెండూ ఒకటే కదా?

తుంగభద్ర గట్టు:

కాదు, అక్కడే దెబ్బ తిన్నావు. 16.04లో జీపీజీ అంటే 1.4.20, జీపీజీ2 అంటే 2.1.11. 2014లో వచ్చిన 2.1 నుంచి పబ్లిక్ కీలు పబ్‌రింగ్ డాట్ కేబీఎక్స్ అనే ఫైల్లో ఉంటాయి. 1.4కు ఆ ఫైల్ చదవడమే రాదు, దాని పాత పబ్‌రింగ్ డాట్ జీపీజీ దానిది. పాత ఫైల్ ఒక్కటే ఉంటే 2.1 కూడా సర్దుకుని దాన్నే వాడుతుంది. నీ మిషన్‌లో ఎవరో ముందు జీపీజీ2 నడిపి ఉంటారు, కేబీఎక్స్ పుట్టింది. తర్వాత స్క్రిప్ట్ కోసం 1.4లో కీ ఎక్కించారు, రెండో ఫైల్ పుట్టింది. కీ చచ్చిపోయిన సంగతి ఒక ఇంటికి తెలిసింది, పక్కింటికి తెలియలేదు. రెండు కమాండ్లతో లిస్ట్ తీసి పక్కపక్కన పెట్టి చూడు.

ఇంకో సంగతి, నీ కొత్త కీ గురించి. 2.1 తర్వాతి వెర్షన్లు కీ చేసేటప్పుడే రివోకేషన్ సర్టిఫికెట్ తీసి ఓపెన్‌పీజీపీ రివోక్స్ డాట్ డీ ఫోల్డర్లో పెడతాయి. పోయినేడు నేను అలాంటి ఫైల్‌తో ఒక రాత్రంతా కుస్తీ పట్టాను. ఇంపోర్ట్ చేసిన ప్రతిసారీ 'సరైన ఓపెన్‌పీజీపీ డేటా లేదు' అనేది. ఫైల్ పాడైందనుకున్నాను, డిస్క్ పాడైందనుకున్నాను, చివరికి పేరు తప్పేమో అనుకున్నాను. తెల్లవారుజామున చూస్తే 'బిగిన్' వరుసలో ఐదు గీతల ముందు ఒక కోలన్ ఉంది. పొరపాటున ఇంపోర్ట్ చేసి కీని చంపుకోకుండా వాళ్లే పెడతారట! పైనే రాసి ఉంది, చదివే ఓపిక మనకు ఉంటే కదా.

నెట్ సెంటర్ బాబు, ప్రొద్దుటూరు:

ఇంత అవస్థ ఎందుకు బ్రో, పాత కీని అన్ని చోట్లా డిలీట్ చేసేయ్, అయిపోతుంది.

పెన్న ఒడ్డు, అనంతపురం:

డిలీట్ చేస్తే ఆయన మిషన్లోనే పోతుందప్పా, కస్టమర్ దగ్గర ఉన్న కాపీ ఎట్లా పోతుంది? ఆ మాట పక్కన పెట్టండి.

కడప తమ్ముడికి నాలుగు ముక్కలు. స్క్రిప్ట్‌లో జీపీజీని జీపీజీ2గా మార్చేయి, రెండు కీరింగుల (కీలుండే ఫైళ్ల) పీడ వదులుతుంది. కానీ మార్చిన రాత్రే బ్యాకప్ ఆగిపోతుంది, ముందే చెబుతున్నా. రివోక్ అయిన కీకి ఎన్‌క్రిప్ట్ చేయమంటే 'అన్‌యూజబుల్ పబ్లిక్ కీ' అని చేతులెత్తేస్తుంది. క్రాన్‌లో (టైముకు స్క్రిప్ట్‌ను దానంతటదే నడిపేది) ఆ మాట ఎవరికీ వినపడదు. కాబట్టి కొత్త కీని ముందు ఎక్కించు, దానికి ట్రస్ట్ కూడా ఇవ్వు. లేకపోతే 'ఈ కీ ఆయనదే అన్న భరోసా లేదు' అని బ్యాచ్‌లో మళ్లీ ఆగుతుంది.

బెంగళూరు వాళ్ల సంగతి వేరే. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.0.22. ఆ సిస్టమ్‌కే 2024 జూన్‌తో సపోర్ట్ అయిపోయింది, అయినా చాలా చోట్ల ఇంకా నడుస్తూనే ఉంది. నువ్వు సర్వర్‌కు పంపినంత మాత్రాన వాళ్లకు తెలియదు, వాళ్లు రిఫ్రెష్ చేయాలి. చేసినా కష్టమే. పాత ఎస్‌కేఎస్ పూల్ (అప్పటి కీ సర్వర్ల గుంపు) 2021లోనే మూతపడింది. నువ్వు పంపిన సర్వర్‌ను వాళ్లు పెట్టుకున్నా, అది రివోక్ అయిన కీని పేరు, మెయిల్ తీసేసి ఇస్తుంది. పేరు లేని కీని జీపీజీ ముట్టుకోదు, 'నో యూజర్ ఐడీ' అంటుంది. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల్లో దీన్ని సవరించారు కాబట్టి నీ ల్యాప్‌టాప్‌లో పరీక్షిస్తే బాగానే కనిపిస్తుంది, మోసపోవద్దు. నీ దగ్గర రివోక్ అయిన పబ్లిక్ కీని ఆర్మర్‌తో (మామూలు అక్షరాల రూపంలో) ఎక్స్‌పోర్ట్ చేసి, ఫైల్‌గా మెయిల్లో పంపి, ఫోన్ చేసి ఇంపోర్ట్ చేయించు. అదే దారి.

అసలు తంటా నీ కొత్త కీ. ఈడీ25519 లాంటి ఎలిప్టిక్ కర్వ్ కీలు 2.1తోనే వచ్చాయి. 2.0కి గానీ 1.4కి గానీ అవి అర్థం కావు. ఆ కస్టమర్ ఉన్నన్నాళ్లు వాటికీ అర్థమయ్యే పాత రకం, ఆర్‌ఎస్‌ఏ 4096 కీ చేసుకో. ఫ్యాషన్ తర్వాత చూసుకోవచ్చు.

ఆడిటర్ గారిది సులువు. 2020లో వచ్చిన 78 నుంచి థండర్‌బర్డ్‌కు సొంత కీరింగ్ ఉంది. పాత ఎనిగ్‌మెయిల్ (జీపీజీని వాడుకునే థండర్‌బర్డ్ యాడాన్) రోజుల్లో లాగా జీపీజీలో మారిస్తే అక్కడ మారదు. అందులోని ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్ తెరిస్తే ఫైల్ మెనూలో రివోకేషన్ ఇంపోర్ట్ చేసే వరుస ఉంటుంది.

ఇంతకీ అడగాల్సిన మాట నువ్వు అడగలేదు. ఆ పాత బ్యాకప్‌లన్నీ తెరవడానికి సీక్రెట్ కీ ఇంకెక్కడైనా ఉందా?

ఏడు రోడ్ల కుర్రోడు:

ఈ ప్రశ్న చదివి నిన్నంతా అన్నం దిగలేదు సార్. సీక్రెట్ కీ ల్యాప్‌టాప్‌లోనే ఉండేది. రివోక్ చేశానన్న సంబరంలో ఇది తట్టనే లేదు.

ఏడు రోడ్ల కుర్రోడు (నాలుగు రోజుల తర్వాత):

అప్‌డేట్. లిస్ట్ రెండు రకాలుగా తీశాను, తుంగభద్ర అన్న చెప్పినట్టే ఒకదాంట్లో రివోక్డ్, ఇంకోదాంట్లో మామూలుగా ఉంది. ఆర్‌ఎస్‌ఏ 4096 కీ చేశాను. స్క్రిప్ట్ జీపీజీ2కి మార్చాను. ట్రస్ట్ ఇవ్వడం మర్చిపోయి మొదటి రాత్రి బ్యాకప్ పోగొట్టుకున్నాను, చెప్పినా వినలేదు, తప్పు నాదే. ఇప్పుడు స్క్రిప్ట్ ఫెయిలైతే నాకు మెయిల్ వచ్చేట్టు పెట్టాను. బెంగళూరు అబ్బాయి ఫోన్లో ఉండగానే రెండు ఫైళ్లూ ఎక్కించాడు, తర్వాతి ఆర్డర్ కొత్త కీతో వచ్చింది. ఆడిటర్ గారి దగ్గరికి నేనే వెళ్లి చేసి వచ్చాను. ఆయన కాఫీ ఇచ్చి, రిటర్న్ ఫైల్ చేయలేదని తిట్టారు.

పాత సీక్రెట్ కీ కోసం ఇల్లంతా తిరగేశాం. దేవుడి గూటి కింద డ్రాయర్లో, కరెంటు బిల్లుల మధ్య, మూత పోయిన 4 జీబీ పెన్‌డ్రైవ్ దొరికింది. 2016లో డాట్ జీనూపీజీ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి మర్చిపోయినట్టున్నాను. అందులో సెక్‌రింగ్ డాట్ జీపీజీ (పాత వెర్షన్ల సీక్రెట్ కీల ఫైల్) ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఇంపోర్ట్ చేస్తే 2.2 కిమ్మనకుండా తీసుకుంది. పాస్‌ఫ్రేజ్ రెండోసారికి గుర్తొచ్చింది. 2019 మార్చి బిల్లుల ఫైల్ డీక్రిప్ట్ కొట్టాను. 'కీ రివోక్ అయింది' అని ఒక నోట్ చూపించి, ఫైల్ మాత్రం తెరిచి చేతిలో పెట్టింది.