రాత్రి చెమట పడుతుంటే ముందు ఏం మార్చాలి: దుప్పటా, పరుపా?

వెన్నెలమడుగు:
రాత్రి రెండు మూడింటికి వీపు, మెడ వెనక తడిసిపోయి మెలకువ వస్తోంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గది మరీ వేడిగా ఏమీ ఉండదు. పక్క ఇలా ఉంది: 8 అంగుళాల మెమరీ ఫోమ్ పరుపు, దాని మీద నీళ్లు దిగని కవరు, ఆపైన 1000 థ్రెడ్ కౌంట్ శాటీన్ దుప్పటి, కప్పుకోవడానికి మైక్రోఫైబర్ రజాయి. దుప్పటి చీటీ మీద 'కాటన్ రిచ్' అని ఉంది. డాక్టరుకు చూపించడం అయింది, పరీక్షల్లో ఏమీ తేలలేదు. అన్నీ ఒకేసారి మార్చే ఉద్దేశం లేదు. ముందు దేన్ని మార్చాలి? వెదురు దుప్పట్లు చల్లగా ఉంటాయంటున్నారు, నిజమేనా?

పడుగుపేక:
దుప్పటి జోలికి ఇప్పుడే పోకండి. నా అనుమానం ఆ నీళ్లు దిగని కవరు మీదే. వీటిలో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. వినైల్‌ది నీటితో పాటు ఆవిరినీ ఆపేస్తుంది. పాలియురేథేన్ పొర వేసినది నీటిని ఆపినా ఆవిరిని కొంత వదులుతుంది. మీది ఏదో తేల్చుకోవడానికి ఓ గ్లాసులో సగం దాకా పొగలొచ్చే నీళ్లు పోసి, మూతి మీద కవరు పరవండి, ప్లాస్టిక్ వైపు కిందికి. దాని మీద పొడిగా, చల్లగా ఉన్న గాజు గ్లాసు బోర్లించండి. మూడు నాలుగు నిమిషాల్లో పై గ్లాసు లోపల మసక పట్టిందా, ఆవిరి పోతున్నట్టే. పట్టలేదా, దాని మీద ఎంత మంచి దుప్పటి పరిచినా చెమట మీ వీపు దగ్గరే ఉండిపోతుంది. పోల్చుకోవడానికి మామూలు నూలు గుడ్డతోనూ ఒకసారి చేసి చూడండి.

ఇక ఆ 1000 సంగతి. థ్రెడ్ కౌంట్ అంటే చదరపు అంగుళంలో పడుగు, పేక కలిపి ఎన్ని పోగులని. మామూలు నేతలో వెయ్యి పట్టవు. సన్నని పోగులు నాలుగు మెలిపెట్టి ఒక దారం చేసి, నాలుగింటినీ విడివిడిగా లెక్కేస్తే 250 కాస్తా 1000 అవుతుంది. గుడ్డ బరువెక్కుతుంది, గాలి ఆడదు. పైగా శాటీన్ నేతలో ఒక్కో పోగు నాలుగింటి మీదుగా దాటి ఒకదాని కిందికి వెళ్తుంది. నునుపు అందువల్లే, ఉక్క కూడా అందువల్లే. ఒకటి పైన, ఒకటి కింద చొప్పున నేసిన పర్కేల్‌లో 200 నుంచి 300 మధ్యది చాలు. కొనేముందు ఒంటిపొర గుడ్డకి అటువైపు అరచెయ్యి పెట్టి ఇటునుంచి ఊదండి, ఊపిరి చేతికి తగలాలి.

'కాటన్ రిచ్' అంటే నూలు ఎక్కువ, పాలిస్టర్ కొంత అని. చీటీలో శాతాలు లేకపోతే లోపలి కుట్టు దగ్గర నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి నల్లపూసలా ముద్ద కడుతుంది.

నారమడత:
కవరు గురించి ఒప్పుకుంటాను, నూలు గురించి పూర్తిగా కాదు. 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గాలిలో 100 గ్రాముల పొడి పాలిస్టర్ అర గ్రాము నీరు కూడా పట్టుకోదు. నూలు సుమారు 8 గ్రాములు, లినెన్ 12 దాకా, ఉన్ని 16 చుట్టుపక్కల. కానీ పీల్చుకుంటే చాలదు, పీల్చింది వదలాలి కూడా. మందమైన నూలు గుడ్డ బాగా తడిస్తే ఒంటికి అతుక్కుని, తర్వాత చల్లబడి వణికిస్తుంది. చెమట ధారగా పట్టేవారికి నేను లినెనే చెబుతాను: చదరపు మీటరుకు 150 నుంచి 180 గ్రాముల బరువుది. దారాల మధ్య సందు ఎక్కువ, త్వరగా ఆరుతుంది. మొదట గరుకుగా ఉంటుంది, నాలుగైదు ఉతుకులకి మెత్తబడుతుంది. ముడతలు మాత్రం ఎప్పటికీ పోవు, ఇస్త్రీతో కుస్తీ పట్టకండి.

వెదురు సంగతి. మెత్తగా దొరికే వెదురు దుప్పటి దాదాపుగా విస్కోస్. వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి మళ్లీ పోగుగా తీసినది. తేమ బాగానే పీలుస్తుంది, చల్లగానూ తగులుతుంది. అయితే తడిస్తే దాని బలం సగం దాకా పడిపోతుంది. వేడినీళ్లలో ఉతికి గట్టిగా పిండితే సాగి, త్వరగా చిరుగుతుంది. అదే జాతిలో లయోసెల్ మేలు, తడిలోనూ గట్టిగా నిలుస్తుంది. సాదా నేతదే అడగండి, లయోసెల్‌ని కూడా శాటీన్‌గా నేస్తారు.

తేలికపక్క:
ఆ పరుపునీ వదలకండి. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి మనిషిని లోపలికి దించుకుంటుంది, వీపు చుట్టూ గాలి ఆడే చోటు మిగలదు. జెల్ కలిపినవి పడుకున్న కాసేపు చల్లగా ఉంటాయి, జెల్ వేడెక్కాక తేడా పోతుంది. పరుపు మార్చకుండా సర్దుకోవాలంటే దాని మీద రెండు మూడు సెంటీమీటర్ల ఉన్ని పరుపు వేసి చూడండి. ఉన్ని అనగానే కంబళి వేడి గుర్తొస్తుంది కానీ, ఇది మిమ్మల్ని ఫోమ్‌లోకి దిగనివ్వకుండా పట్టి, ఆవిరిని పక్కలకు పోనిస్తుంది. మంచం చెక్క ఎక్కడా సందు లేకుండా ఉంటే పలకల మంచం నయం, పలకల మధ్య 5 నుంచి 7 సెంటీమీటర్లు వదిలినది.

దిండు గురించి ఎవరూ అనలేదు. మెడ తడుస్తోందంటే అక్కడా ఫోమ్ ఉందేమో చూడండి.

సబ్బునురగ:
ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడుతుంటే ఈరోజే ఆపండి. అది పోగుల మీద జిడ్డుపొర వేస్తుంది, ఎంత మంచి నూలైనా నీరు పీల్చదు. దుప్పటి మీద ఒక నీటిబొట్టు వేయండి. కొన్ని సెకన్లలో ఇంకాలి. ముత్యంలా నిలబడితే సాఫ్ట్‌నరో, ముడతలు పడకుండా వేసిన పూతో ఉన్నట్టు. సాఫ్ట్‌నర్‌దైతే, చీటీ ఒప్పుకుంటే 60 డిగ్రీల నీళ్లలో, సగం డిటర్జెంట్‌తో ఉతికి రెండుసార్లు జాడించండి. పూత మాత్రం అంత తేలిగ్గా వదలదు.

నాడిపట్టు:
ఇది అడిగినవారికి కాదు, చదివే మిగతావారికి. బట్టలు పిండేంత చెమట వారాల తరబడి పడుతూ, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, మెడలో చంకల్లో గడ్డలు ఉంటే దుప్పట్లు వెతకడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. క్షయ, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) కూడా ఇలా బయటపడతాయి. ఇన్సులిన్ తీసుకునేవారు చెమటతో లేస్తే వెంటనే షుగర్ చూసుకోవాలి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజో చక్కెరో తీసుకుని, పావుగంటకి మళ్లీ చూడాలి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలతోనూ చెమట పడుతుంది. సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరునే అడగండి.

వెన్నెలమడుగు:
గ్లాసు పరీక్ష చేశాను. కవరుతో పై గ్లాసు పొడిగానే ఉంది, నూలు గుడ్డతో నిమిషంలోపే మసక పట్టింది. కవరు తీస్తే పరుపు తడుస్తుంది కదా? ఇంకోటి, పక్కన పడుకునేవారికి చలి ఎక్కువ, ఇద్దరికీ ఒకటే రజాయి.

పడుగుపేక:
దొంగ దొరికాడు. కవరు తీసి మందమైన నూలు దుప్పటి రెండు మడతలు పరవండి, తడిసిన రోజు తీసి ఉతుక్కోవచ్చు. నాలుగైదు రాత్రులు చూశాకే పై దుప్పటి మార్చండి, రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఫోమ్‌ని ఎండలో మాత్రం పెట్టకండి, పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. నీడలో గాలికి నిలబెడితే చాలు.

రజాయిని వారికే వదిలేయండి. మీకు ఒక్క మందమైనది బదులు పలచటి నూలు దుప్పట్లు రెండు, విడిగా. ఉక్కపోసినప్పుడు ఒకటి కాలితో తన్నేసినా రెండోది మీద ఉంటుంది.