ఓట్స్ కుకీల్లో కిస్‌మిస్ నానబెట్టాలా, అక్కర్లేదా?

బ్రాడీపేట_రమ:
రెండు వాయిలు చెడగొట్టుకున్నాక అడుగుతున్నా. నా కొలతలు: వెన్న 100 గ్రాములు, తురిమిన బెల్లం 100, గోధుమపిండి 100, ఓట్స్ 150, ఒక గుడ్డు, అర చెంచా వంటసోడా, కిస్‌మిస్, ఖర్జూరం ముక్కలు కలిపి రెండు గుప్పెళ్లు. ఓటీజీ ఓవెన్‌లో 180 డిగ్రీలు, 13 నిమిషాలు. మొదటిసారి కిస్‌మిస్ అలాగే వేశా. పైన ఉన్నవన్నీ మాడి మిరియాల్లా అయ్యాయి, ఒకటే చేదు. రెండోసారి నానబెట్టి వేశా. కుకీలన్నీ అంటుకుపోయి ట్రే అంతా ఒకటే అట్టు. ఏది కరెక్టు?

పటమట_పిన్ని:
నానబెట్టాల్సిందేనమ్మా. వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, పిండేసి, నూలుగుడ్డ మీద అరగంట ఆరనివ్వాలి. నువ్వు ఆరబెట్టి ఉండవు. ఎండువి వేస్తే పిండిలో తడంతా అవే లాగేసుకుంటాయి. మర్నాడు కొరికితే పన్ను ఊడాల్సిందే.

వన్‌టౌన్_ఓవెన్:
మూడేళ్లుగా ఇంట్లో చేసి అమ్ముతున్నా, వారానికి 10 కిలోలు. ఒక్కసారి కూడా నానబెట్టలేదు. రమగారూ, తప్పు కిస్‌మిస్‌ది కాదు, వెన్నది. రోహిణి కార్తెలో మన వంటిళ్లలో వెన్న బయటికి తీస్తే చాలు, నీళ్లైపోతుంది. కలిపిన పిండిని 40 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఈలోపు ఓట్స్ తడి పీల్చుకుంటాయి, వెన్న గట్టిపడుతుంది, ఇక ట్రే మీద పరుచుకోవు. పైకి తేలిన కిస్‌మిస్‌ని వేలితో లోపలికి నొక్కేయండి, మాడవు.

మిర్చియార్డు_మూర్తి:
అరిసెలుండగా గుర్రపు దాణాతో బిస్కెట్లేంటో.

పటమట_పిన్ని:
మూర్తిగారూ, ఆ అరిసెలు మీరు వండుతారా, తింటారా? సరే, ఓవెన్‌గారూ, బజార్లో తెచ్చిన కిస్‌మిస్ కడగకుండానే వేస్తారన్నమాట!

వన్‌టౌన్_ఓవెన్:
కడగడం వేరు, నానబెట్టడం వేరు.

పటమట_పిన్ని:
కడిగితే తడవదా?

వన్‌టౌన్_ఓవెన్:
తడుస్తుంది. నానదు.

కృష్ణలంక_శ్రీను:
వెన్న బదులు నెయ్యి వేయొచ్చా?

వన్‌టౌన్_ఓవెన్:
వేయొచ్చు, 80 గ్రాములు చాలు. వెన్నలో కాస్త నీళ్లుంటాయి, నెయ్యిలో దాదాపు ఉండవు. కాకపోతే నాన్‌ఖటాయిలా పొడిపొడిగా వస్తాయి.

పటమట_పిన్ని:
నెయ్యి వేసినప్పుడైనా కిస్‌మిస్ నానబెట్టాలని ఒప్పుకుంటారా?

వన్‌టౌన్_ఓవెన్:
ఒప్పుకోను. నానబెడితే తీపి ఆ నీళ్లలోకి పోతుంది. పంచదార వేయని కుకీకి ఆ తీపే ఆధారం. నా డబ్బా మీద 'షుగర్ లేదు' అనే రాసుంటుంది.

పటమట_పిన్ని:
ఏం రాసుంటుందీ? మా నాన్నగారికి 12 ఏళ్లుగా షుగర్. ఇలాగే ఇంట్లో చేసి అమ్మే ఒకావిడ దగ్గర, డబ్బా మీద ఆ ముక్క చూసే కొన్నాం. పొద్దున కాఫీతో రెండు, సాయంత్రం రెండు, మేం చూడకుండా పడుకోబోయే ముందు ఇంకోటి. నెల తిరిగేసరికి పరగడుపున 240. డాక్టరుగారు ఆ డబ్బా తెమ్మన్నారు. అద్దాలు పెట్టుకుని చూస్తే వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో బెల్లం, ఖర్జూరం! కిస్‌మిస్ బరువులో సగానికి పైగా చక్కెరే, తెలుసా మీకు?

వన్‌టౌన్_ఓవెన్:
ఆవిడెవరో చేసినదానికి నన్నంటారేంటి? నేను పంచదార వేయను, ఆ మాటే రాశా. ముందువైపు బెల్లం అని రాస్తే డబ్బా పక్కన పెట్టేస్తారు, చూశాను. రోజుకి ఐదు తినమని నేను చెప్పానా? ఓట్స్ గుండెకి మంచిదని రాసుకోవచ్చని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే 1997లో ఒప్పుకుంది.

కృష్ణలంక_శ్రీను:
ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకి 3 గ్రాములు అందాలని కూడా అంది. అంటే దాదాపు 75 గ్రాముల ఓట్స్. రమగారి కొలతలో సగం ట్రే! మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం 'షుగర్ ఫ్రీ' అనాలంటే 100 గ్రాముల్లో చక్కెర అర గ్రాము దాటకూడదు.

వన్‌టౌన్_ఓవెన్:
నిబంధనలు చెప్పేవాళ్లు మే నెలలో ఓవెన్ ముందు నిలబడి చూడండి. మొన్న కరెంటు పోయి సగం కాలిన రెండు ట్రేలు పారబోశా. అప్పుడెవరూ రాలేదు. పిన్నిగారూ, మీ కోపం కిస్‌మిస్ మీద కాదని ఇప్పుడర్థమైంది.

పటమట_పిన్ని:
కాదు. నానబెట్టుకో, మానుకో. ఆ 'షుగర్ లేదు' మాత్రం తీసెయ్.

వన్‌టౌన్_ఓవెన్:
'నువ్వు'లోకి దిగారా? నా డబ్బా, నా ఇష్టం.

మిర్చియార్డు_మూర్తి:
అరిసెల్లోనూ బెల్లమే. అయినా దాని మీద 'షుగర్ లేదు' అని ఎవరూ రాయరు, చూశారా.

బ్రాడీపేట_రమ:
మూడో వాయి ఇప్పుడే దించా. నానబెట్టా, ఆరబెట్టా, ఫ్రిజ్‌లోనూ పెట్టా. అంచులు కరకర, నడుమ మెత్తగా, ఒక్క కిస్‌మిస్ మాడలేదు. ఇంతకీ చెప్పలేదు, ఇవి మా మావగారి కోసం చేశా. ఆయనకీ షుగరే. ఇదంతా చదివాక డబ్బా ఎత్తి అటక మీద పెట్టేశా.

వన్‌టౌన్_ఓవెన్:
ఫ్రిజ్‌లో పెట్టారు కాబట్టి కుదిరాయి.

పటమట_పిన్ని:
ఆరబెట్టింది కాబట్టి.